చప్పిడి మొక్కు

కోరుట్లలో మా భజన మండలికి ఏ మొక్కు ఎలా తీర్చాలో చెప్పేది నేనే. అందుకే అక్క మెదడులో నీరు చేరి జగిత్యాల ఆస్పత్రిలో పడుకున్నప్పుడు ఎవరినీ అడగకుండా కొండగట్టు అంజన్నకు మొక్కాను. తలలో పెట్టిన గొట్టం తీసేదాకా అక్క ఉప్పు ముట్టదని. చప్పిడి మొక్కితే మొక్కినవాళ్లే తినాలి. అది తెలిసీ ఆమె మీద పెట్టాను.

ఆ గొట్టం నుంచి నీరు మంచం పక్కనున్న సంచిలోకి బొట్టుబొట్టుగా దిగేది. డాక్టరు నన్ను బయటికి పిలిచి ముందే చెప్పాడు.

"గీ నీళ్లతోని ఒంట్లె ఉప్పు గూడ పోతదమ్మా. తిండిల ఉప్పు తగ్గనియ్యకున్రి."

తల ఊపాను. రోజూ పొద్దున బస్సులో ఉప్పు లేని పప్పన్నమే తీసుకెళ్లాను.

"ఏం పప్పే ఇది, గడ్డి తిన్నట్టున్నది," అనేది అక్క.

"అంజన్న పేరు మీద తినక్కా."

నాలుగో రోజు ఆమె నన్ను గుర్తుపట్టలేదు. సిరిసిల్లలో తమ ఇంట్లో బట్ట నేసే సాంచాల మోత చెవుల్లో పడుతోందని, వాటిని ఆపమని అరిచింది. కాసేపటికి ఫిట్స్ వచ్చాయి. రక్తంలో సోడియం బాగా పడిపోయిందన్నారు.

"ఇంటికెల్లి ఏం పెడుతున్రు?" అని డాక్టరు అడిగాడు.

"అన్ని పెడుతున్నం సార్."

నర్సు డబ్బా మూత తీసి పప్పు రుచి చూసింది. "దీంట్ల ఉప్పేదమ్మా?"

డబ్బా లాక్కుని మూత పెట్టాను.

సెలైన్‌లో ఉప్పు మెల్లగా ఎక్కించారు. రెండు రోజులకు అక్క తేరుకుంది. గొట్టం పెట్టినవాళ్లకు ఇలా అవుతుందని, నా తిండి ఒక్కటే కారణం కాదని డాక్టరు అన్నాడు. నాకు ఊరట కలగలేదు. అబద్ధం మాత్రం పూర్తిగా నాదే.

మొన్న అక్క కోరుట్ల వచ్చి మా భజనలో లేచి నిలబడింది. "మా చెల్లె మొక్కే నన్ను బతికిచ్చింది. ఇగ నేను గూడ శనివారం శనివారం చప్పిడే తింట."

అందరూ నా వైపు తిరిగి దండం పెట్టారు. ఆ దండాలు చూడలేక లేచాను.

"వద్దక్కా. నా మొక్కుతోని నీ పానం పోతుండె," అని జరిగిందంతా చెప్పాను.

హార్మోనియం ఆగిపోయింది. అక్క నా దగ్గరికి వచ్చింది.

"డాక్టర్ ఉప్పు పెట్టుమన్నది నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఉప్పు అడుగుతవని, అక్కా."