క్వాకోకు రాని కల

సైనిక కోట పక్కన, లాస్ మోరాస్ వాగు ఒడ్డున ఉన్న మా నల్లవాళ్ల గుడిసెల్లో క్వాకో అంత బాగా జాడ తీసేవాడు లేడు. రాతినేల మీద నాలుగు రోజుల నాటి గుర్రపు డెక్క గుర్తును పసిగట్టి పటాలాన్ని నడిపించేవాడు. సరిహద్దు కొండల్లో గాయపడ్డ లెఫ్టినెంటును తూటాల మధ్య వీపున మోసుకొచ్చినందుకు సర్కారు పతకం ఇచ్చింది. భార్య ఫిలిస్ దాన్ని మొక్కజొన్న పిండి డబ్బాలో దాచింది.

పతకం ఉన్నంత మాత్రాన మా ప్రార్థన ఇంట్లోకి రానివ్వరు. ఉపవాసం ఉండాలి, పొదల్లో ఒంటరిగా పడుకోవాలి, వచ్చిన కల పెద్దలకు చెప్పాలి. అది దేవుడిచ్చిన కలేనని వాళ్లు ఒప్పుకుంటేనే లోపల చోటు. ఫిలిస్‌కు ఆ చోటు చిన్నప్పుడే దొరికింది. క్వాకో ఇరవై ఏళ్లుగా ఆమెను గుమ్మం దాకా దిగబెట్టి, బయట మొద్దు మీద కూర్చునేవాడు.

ఆ చలికాలం ఫిలిస్ మంచం పట్టింది. "నేను పోతే నా చుట్టూ పాడుతూ వలయంగా తిరుగుతారుగా. అందులో నువ్వుండాలి" అంది. లోపలివాళ్లు తప్ప ఆ వలయంలో ఎవరూ అడుగు పెట్టకూడదు.

క్వాకో మూడు రోజులు గంజి కూడా ముట్టకుండా పొదల్లో ఉండి వచ్చాడు.

"ఏం కనబడిందిరా?" అంది ప్రార్థన ఇంటి పెద్దావిడ టీనా అత్త.

"అడుగులత్తా. ఎవరో చిన్నపిల్లవి, చెప్పుల్లేవు. వాటి వెంట పోతున్నాను."

"చివరికి వెలుగేమైనా ఉందా?"

"చివరిదాకా పోలేదు. మెలకువొచ్చేసింది."

"అది కల కాదురా, నీ ఉద్యోగం! మళ్లీ ఉపవాసం ఉండు."

బావమరిది సైరస్ దారిలో పట్టుకున్నాడు. "తెల్ల గొర్రెపిల్ల కనబడిందని చెప్పెయ్ బావా, ఒప్పేసుకుంటారు. నీ నిద్రలో దూరి ఎవడు చూడొచ్చాడు?"

"చూడని జాడ చూశానని కెప్టెనుకే ఎప్పుడూ చెప్పలేదురా. దేవుడికి చెప్పనా?"

రెండో ఉపవాసం సగంలో ఉండగానే ఫిలిస్ పోయింది.

మర్నాడు మధ్యాహ్నం లోపల అందరం చప్పట్లు కొడుతూ, పాడుతూ ఆమె చుట్టూ తిరిగాం. పొద్దు వాలాక బయటికొస్తే మొద్దు ఖాళీగా ఉంది. క్వాకో గోడ పక్కన, పాట ఆగినప్పుడు ఎక్కడున్నాడో అక్కడే ఆగి నిలబడి ఉన్నాడు. ప్రార్థన ఇంటి చుట్టూ దుమ్ములో ఒకే మనిషి అడుగులు, ఒకదాని మీద ఒకటి పడి, దారైపోయాయి.

టీనా అత్త చాలాసేపు ఆ అడుగుల వంకే చూసింది.

"నిన్న రాత్రి కలేమైనా వచ్చిందారా?" అంది మెల్లగా.

"నిద్రే పట్టలేదత్తా" అన్నాడు. వెళ్లి మొద్దు మీద కూర్చున్నాడు.