సున్నా చూడందే ఊ అనని బావ

"ఖాళీ పళ్లెంలో ఏముందని బావా, ఇందాకట్నుంచి దాన్నే చూస్తున్నావు?"

"ఏమీ లేదురా. ఆ మాటే ఈ తూకాన్ని ఒప్పుకోమంటున్నా. పదకొండు గ్రాములుందంటోంది."

తూకాలు చేసే బావ వర్క్‌షాపు ముందు నుంచి వెళ్లేవాళ్లు ఈ గొడవకి తల కూడా తిప్పలేదు. బావ సంగతి వీధికంతా తెలుసు. దేన్నయినా సరే, ఏమీ ఇవ్వనప్పుడు ఏమంటుందో చూసుకోనిదే నమ్మడు. ఆయన కనబడగానే కూరగాయలవాడు తూకం తుడిచి పక్కకి తప్పుకుంటాడు. ఉప్పు చూడమని భార్య పిలిస్తే ముందు ఉత్త గరిటె నాకి, ఊ, ఇప్పుడు కూర వెయ్యి అంటాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ పుట్టింటికి ఫోన్ చేసి, మనిషి బంగారమే గానీ గరిటెలు నాకుతున్నాడని ఏడ్చిందట.

ఆ రోజు బల్ల మీదున్నవి కాన్పుల ఆస్పత్రికి వెళ్లాల్సిన పసిపిల్లల తూకాలు. బావమరిది తెచ్చిన మొదటి ఆర్డరు. కాలేజీ మధ్యలో మానేసినప్పట్నుంచి వాళ్ల నాన్న అతన్ని పేరుపెట్టి పిలవడం మాని "మన మహానుభావుడు" అంటున్నాడు. ఈ ఆర్డరు వేళకి వెళితే ఆ పిలుపు తప్పుతుందని ఆశ. మధ్యాహ్నానికి నర్సు బండితో వస్తుంది.

తూకంలోని ఆంప్లిఫయరు చిప్ చవకది. బరువు తాలూకు కాస్త ఓల్టేజిని వందల రెట్లు పెంచడం దాని పని. ఏమీ ఇవ్వకపోయినా సొంతంగా కొంత కలిపి, దాన్నీ పెంచేస్తుంది. ఖరీదైన చిప్ వేద్దామంటే బావ వినడు, ధర పెరిగితే ఆస్పత్రికి కొనే స్తోమత ఉండదట. అందుకని ఆ కలిపేది తగ్గేలా చిప్‌కి రెండు వైపులా రెసిస్టర్లు సమంగా ఏరి వేస్తాడు. మూత పెట్టి, కరెంటిచ్చి, లోపలంతా వేడెక్కేదాకా కూర్చుంటాడు. అప్పుడు ఖాళీ పళ్లెంతో చిన్న స్క్రూ తిప్పి సున్నాకి తెస్తాడు.

"తెలిసిన తప్పుతో కాపురం చెయ్యొచ్చురా. తెలియని తప్పే కొంప ముంచేది."

"చల్లగా ఉండగానే తిప్పేసి పంపేద్దాం. పది గ్రాములకి పిల్లలేం చిక్కిపోరు," అన్నాడు బావమరిది.

బావ మూత సర్దాడు.

నర్సు రానే వచ్చింది. బావమరిది గుమ్మంలోనే సంజాయిషీ మొదలుపెట్టాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, బావ ఊ అనేదాకా కదలనంది. ఎందుకో ఆవిడే చెప్పింది. చల్లగా ఉండగానే సున్నా పెట్టి బావ పంపిన మొట్టమొదటి తూకం పొద్దున ఒకలా, వేడెక్కాక ఇంకోలా చూపించిందట. ఒక పసిపిల్ల బరువు తగ్గిందనుకున్నారు. పాలు చాలడం లేదని అత్తగారు ఆ తల్లిని నానా మాటలూ అంది. కబురు తెలిసి బావ పరుగెత్తుకెళ్లి, వార్డు నిండా జనం చూస్తుండగా చేతులు జోడించి, "తగ్గింది నీ బిడ్డ కాదమ్మా, నా తూకం" అన్నాడట. ఆపైన తూకం విప్పి అత్తగారికి చిప్ చూపించి పాఠం చెప్పాడు.

"ఆ పెద్దావిడ ఇప్పటికీ మనవరాల్ని తూకంలో పడుకోబెట్టేముందు ఖాళీ పళ్లెంతో సున్నా చూపించమంటుంది," అంది నర్సు.

బావమరిది వెళ్లి బావ పక్కన నిలబడ్డాడు. ఇక ఒక్క తూకమే మిగిలింది, అదీ వేడెక్కింది. బావ స్క్రూడ్రైవరు అతని చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు.

"దీనికి సున్నా నువ్వు పెట్టరా. వీటిలో నీ చెయ్యి కూడా ఉందని పొద్దున్నే మీ నాన్నకి చెప్పేశాను. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు."