ప్లాస్టర్ వేసిన నవలలు

మా డయాలసిస్ గదిలో ఉదయం షిఫ్టు వాళ్ళెవరూ నవలల్లో చివరి అధ్యాయం చదవరు. చేరిన కొత్తలో ఈ సంగతి విని, ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పి పడీ పడీ నవ్వాను. టెక్నీషియన్ ఉద్యోగం, రోజూ రక్తంతో పని, దేనికీ జడిసే రకం కాదు నేను. ఇప్పుడా నవ్వు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

గదిలో ఐదు కుర్చీలు, ఐదు మిషన్లు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఏడింటికి అదే ఐదుగురు వస్తారు. బరువు చూసుకుని, ఎవరి కుర్చీలో వాళ్ళు వాలి చెయ్యి చాపుతారు. రెండు సూదులు గుచ్చి గొట్టాలు కలిపితే ఒంట్లో రక్తం బయటికొచ్చి, మిషన్‌లో శుభ్రపడి, మళ్ళీ లోపలికి పోతుంది. నాలుగు గంటలు కదలడానికి లేదు. ఆ నాలుగు గంటలూ ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యి. ఆ చేతిలో పుస్తకం పెట్టినాయన మా కండక్టర్ గారు.

ముప్ఫై ఏళ్ళు బస్సులో నిలబడే బతికిన మనిషి. ఇప్పుడు కిటికీ పక్క మూడో కుర్చీ ఆయనది. మార్కెట్లోకి కొత్తగా ఏ నవల వచ్చినా పదిరోజుల్లో ఆయన సంచీలో ఉండాల్సిందే. ఎవరికి ఏది పడుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. బరువు చూసుకునే చోట నిలబడి, వచ్చినవాళ్ళ మొహం ఓసారి చూసి, టికెట్ చింపి ఇచ్చినట్టు పుస్తకం తీసిచ్చేవారు.

"ఇది ఎక్కండి. మొదటి యాభై పేజీలు గతుకులు. ఓర్చుకున్నారంటే ఆ తర్వాత రోడ్డు నున్నగా ఉంటుంది."

వెల్డర్‌కి ప్రేమకథలు. ఆ భుజాలూ ఆ మీసాలూ చూస్తే ఎవరూ నమ్మరు గానీ, హాస్టల్లో పక్క పక్క గదుల్లో ఉంటూ గోడ మీద తట్టి మాట్లాడుకునే ఇద్దరి నవల చదివి, వెక్కి వెక్కి ఏడ్చి మిషన్ అలారం మోగించాడు. మామ్మకు దెయ్యాల నవలలు. ఇంట్లో అద్దాలన్నీ ఒక్క నిమిషం ఆలస్యంగా చూపించే కథ ఇస్తే, "ఇంకాస్త భయపెట్టేది లేదా నాయనా?" అని మొహం చిట్లించింది. గడియారాలు బాగుచేసే ఆయనకు సైన్సు నవలలు, వాటిలో తప్పులు పట్టుకోవడం ఆయన సరదా. టీచరమ్మ గారికి డిటెక్టివ్ నవల తప్ప మరోటి సయించదు.

పుస్తకం కొనగానే కండక్టర్ గారు దాన్ని తలకిందులుగా పట్టుకుని, ఒక్క వాక్యం కూడా కళ్ళబడకుండా వెనక నుంచి తిప్పుతూ, చివరి అధ్యాయం ఎక్కడ మొదలైందో పట్టుకునేవారు. తర్వాత నా దగ్గరికొచ్చి ప్లాస్టర్ అడిగేవారు. సూదులు కదలకుండా చేతికి వేసే తెల్ల ప్లాస్టరే అది. ఆ పేజీలన్నీ ఒక కట్టగా చేసి మూడు వైపులా అంటించేవారు. ఆ గది మూల అరలో యాభై పైచిలుకు నవలలు ఉన్నాయి, అన్నిటికీ కట్లే. ఒకసారి ఆ అర దుమ్ము దులుపుతుంటే వెనక మాటలు ఆగిపోయాయి. తిరిగి చూస్తే ఐదుగురూ రెప్ప వెయ్యకుండా నా చేతుల వంకే చూస్తున్నారు.

నేను చేరకముందు ఒకే నెలలో ముగ్గురు పోయారట. ముగ్గురూ ఆ ముందురోజో, ఆ రోజో ఒక నవల పూర్తి చేసినవాళ్ళే. మూడో ఆయన కుర్చీలోనే పోయాడు. ఒళ్ళో ఉన్న పుస్తకం తీసి మూసింది కండక్టర్ గారే.

"కథ మిగిలుంటే మనిషి తిరిగొస్తాడమ్మా," అనేవారు నాతో. "అయిపోయాక ఇంకెందుకు రావడం?"

"కిడ్నీలు పాడైనవాళ్ళు పోవడానికి నవలే కావాలా బాబాయ్ గారూ? నాలుగు అరటిపళ్ళు తిని పొటాషియం పెరిగితే చాలదూ?" అని దెప్పేదాన్ని. నోరు కాస్త దురుసు నాకు. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నేను చేరిన ఏడాదిన్నరలో ఆ షిఫ్టులో ఒక్కరూ పోలేదు, ఒక్కరోజు కూడా ఎవరూ మానలేదు. అవే మిషన్లు, అవే నీళ్ళు, మధ్యాహ్నం షిఫ్టులో మాత్రం నలుగురు పోయారు.

ఇక నేను చేసిన పని. టీచరమ్మ గారి చేతిలో ఓ కొత్త డిటెక్టివ్ నవల ఉంది, చదివేది ఆమె ఒక్కరే, మిగతావాళ్ళకు కథ వినిపించేవారు. అందులో ఒక లిఫ్టు ఆగిపోతుంది. లోపల ఐదుగురు. పది నిమిషాల తర్వాత తలుపు తెరిస్తే నలుగురే బతికుంటారు. చంపిందెవరు? రెండు వారాల పాటు కుర్చీ కుర్చీ మధ్య ఇదే వాదన. ఆ శుక్రవారం పొద్దుట్నుంచీ మిషన్లకు నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు మొరాయిస్తోంది, ఇంట్లో పిల్లకు జ్వరం, నా బుర్ర వేడెక్కి ఉంది. మళ్ళీ వాదన మొదలయ్యేసరికి విసుగొచ్చింది. బల్ల మీదున్న ఆ పుస్తకం పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళి, ప్లాస్టర్ పీకేసి, నిలబడే చివరి అధ్యాయం చదివేశాను. వచ్చి అందరి ముందూ చెప్పాను.

"లిఫ్టులో ఉన్నవాళ్ళెవరూ కాదు. చంపింది పైన ఉన్న వాచ్‌మన్. సరేనా? ఇక ఆపండి ఈ గోల."

 మామ్మ కళ్ళు మూసుకుంది. టీచరమ్మ గారు మాత్రం నవ్వారు. వెళ్ళేటప్పుడు నా మణికట్టు పట్టుకుని, "పోన్లే అమ్మా, నువ్వేం బాధపడకు," అన్నారు. ఆమె చేతివేళ్ళు అప్పటికే చల్లగా ఉన్నాయని నాకెందుకనిపించిందో తెలియదు. డయాలసిస్ అయ్యాక అందరి వేళ్ళూ చల్లగానే ఉంటాయి.

ఆదివారం మధ్యాహ్నం ఆమె పోయారు.

శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎడం ఎక్కువ, పొటాషియం పెరిగింది, గుండె ఆగింది అన్నారు డాక్టర్ గారు. ఆ మాట రోగులకు రోజూ చెప్పేది నేనే. అయినా సోమవారం ఆ ఖాళీ కుర్చీకి కూడా మిషన్ సిద్ధం చేసి నిలబడ్డాను. నేనే చంపానా? ఈ ఒక్క ప్రశ్న అన్నం తింటున్నా, పిల్లకు జడ వేస్తున్నా వదల్లేదు.  బుధవారం వెల్డర్‌కి రెండుసార్లు తప్పు గుచ్చాను. "పర్లేదక్కా," అన్నాడు గానీ చెయ్యి నల్లగా కమిలిపోయింది. ఉద్యోగం మానేస్తానని కండక్టర్ గారితో చెప్పాను.

"మీరు మానేస్తే మా నరాలు ఇంకెవరికి తెలుసమ్మా?" అన్నారాయన. సంచీ భుజాన వేసుకుంటూ, "శుక్రవారం దాకా ఆగండి," అన్నారు.

శుక్రవారం వస్తూనే కత్తెర అడిగారు. ఆయన చేతిలో ఉన్నది అందరికీ తెలిసిన నవలే, ఆయనకు ప్రాణం లాంటిది. ఆ కథలో ఒక బస్సులో రోజూ ఎక్కినవాళ్ళ కంటే దిగినవాళ్ళు ఒకరు తక్కువ ఉంటారు. ఆ ఒక్కరు ఏమైపోతున్నారో ఆ బస్సు కండక్టర్‌కు అంతుపట్టదు. మా కండక్టర్ గారు అందరూ చూస్తుండగా కట్టు కత్తిరించి, గొంతు సవరించుకుని చివరి అధ్యాయం పైకి చదివారు. రోజుకొక్కరు చొప్పున తగ్గినవాళ్ళెవరూ ఎక్కడికీ పోలేదు. రోజంతా పనిచేసి అలసి, వెనక సీటు కింద చలికి ముడుచుకుని నిద్రపోతున్నారు. కండక్టర్ ఒక్కొక్కర్నీ లేపి ఇంటికి పంపిస్తాడు. ఆ నిద్రపోయినవాళ్ళు కళ్ళు నులుముకుంటూ దిగే చోట మామ్మ కూడా కళ్ళు ఒత్తుకుంది.

పుస్తకం మూసి ఆయన నా వైపు చూశారు. "సోమవారం ఏడింటికి వస్తాను. అప్పుడు చెప్పండి, మీ తప్పో కాదో."

ఆ రెండు రోజులు నేనెలా గడిపానో చెప్పను. సోమవారం ఏడింటికి ఐదు నిమిషాలుండగా లిఫ్టు తలుపు తెరుచుకుని ఆయన బయటికొస్తే, చిన్నపిల్లలా ఏడ్చేశాను. గదంతా పండగైపోయింది. వెల్డర్ కత్తెర అడిగాడు. తర్వాత మామ్మ, ఆ తర్వాత గడియారాల ఆయన. వాళ్ళ కట్లన్నీ నా చేత్తో నేనే కత్తిరించాను. ఎంత సంబరంగా కత్తిరించానో! ముగ్గురూ తలలు దించుకుని చదువుతున్నారు. ఏడాదిన్నరగా ఆగిన ముగింపులు, ఒకటయ్యాక ఇంకోటి. కండక్టర్ గారు మాత్రం ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. నిద్రపోతున్నారనుకున్నాను.

పదకొండింటికి వాళ్ళ ముగ్గురి సూదులూ తీసి పంపించాను. కండక్టర్ గారి సూదులు తీసి, దూది పెట్టి, రక్తం ఆగేదాకా గట్టిగా నొక్కి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెప్పారు.

"అమ్మా, నేను చదవలేదు."

"ఏంటి బాబాయ్ గారూ?"

"శుక్రవారం. పేజీ తెరిచాను. మొదటి మాట మీద చూపు ఆనేసరికి చేతులు చల్లబడిపోయాయి. ఎదురుగా మీరున్నారు, మొహంలో నెత్తురు లేదు. పుస్తకం వైపు చూస్తూ నోటికొచ్చిన కథ చెప్పేశాను. వెనక సీటూ నిద్రా అన్నీ నేను కల్పించినవే."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆయన చదవలేదు. చదివింది వాళ్ళు. కట్లు కత్తిరించింది నేను.

"మరి వాళ్ళు కత్తెర అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదమ్మా. మీరు నవ్వుతున్నారు. ఏడాదిన్నరలో మీరట్లా నవ్వడం ఎప్పుడూ చూళ్ళేదు." ఆయన ఖాళీ చేత్తో సంచీ దగ్గరికి లాక్కున్నారు. "నాకు చావంటే భయమే. కానీ ఇప్పుడు అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. బుధవారం పొద్దున నేనొక్కణ్ణే వస్తానేమోనని."

సంచీలోంచి బస్సు నవల తీసి నా వైపు చాపారు. కళ్ళజోడు తీసేసి ఉంది. ఏం అడుగుతున్నారో తెలిసింది. ఒకసారి ముగింపు చెప్పి ఒక మనిషిని పోగొట్టుకున్నాను, మళ్ళీ ఆ పనే చెయ్యమంటున్నారు. వద్దని చెప్పి పారిపోవచ్చు. అప్పుడు ఆ ముగ్గురికీ ఏదైనా అయితే ఈయన ఒక్కరూ కిటికీ పక్కన మిగిలిపోతారు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఒక చేత్తో ఆయన దూది నొక్కుతూ, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదివాను. నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది. అందులో ఏముందో ఇక్కడ చెప్పను. ఆయన కల్పించినంత తేలిగ్గా మాత్రం లేదు. చివరి వాక్యం అయ్యాక చూస్తే రక్తం ఎప్పుడో ఆగిపోయింది.

"నాదే బాగుంది," అన్నారాయన, కళ్ళు మూసుకునే.

బుధవారం ఆరున్నరకే వెళ్ళి ఐదు మిషన్లూ సిద్ధం చేసి, లిఫ్టు ఎదురుగా నిలబడ్డాను. వెల్డర్ వచ్చాడు. మామ్మ వచ్చింది, కోడలి చెయ్యి పట్టుకుని. గడియారాల ఆయన పావుగంట ఆలస్యం, ఆ పావుగంటా నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు. ఆయన వెనకే, సంచీ భుజాన వేసుకుని, కండక్టర్ గారు. నేను ఆయన చెయ్యి పట్టుకుంటే ఆయన నా తల మీద చెయ్యి వేశారు.  టీచరమ్మ గారిని నేను చంపలేదు. ఆ మాట మొదటిసారి పైకి అన్నాను.

ఆ రోజే టీచరమ్మ గారి కుర్చీలోకి కొత్తాయన వచ్చాడు. లావుపాటి మనిషి, రిటైరైన ఇంజనీరట, సూదులంటే భయపడుతూ మెత్తగా నవ్వుతున్నాడు. కండక్టర్ గారు మొహం చూసి, సంచీలోంచి నిగనిగలాడే కొత్త డిటెక్టివ్ నవల తీసిచ్చారు. దానికి ప్లాస్టర్ లేదు. ఇక అక్కర్లేదని ఆయనా నేనూ అంతకుముందే అనుకున్నాం.

"చాలా థాంక్సండీ. నాకో పాడు అలవాటుంది," అన్నాడు కొత్తాయన మొహమాటంగా. "ముందు చివరి పేజీ చూస్తే గానీ మొదలుపెట్టలేను." పుస్తకం వెనక్కి తిప్పి బొటనవేలు దూర్చాడు.

"ఆగండి!"

వెల్డర్ అరిచాడు, మామ్మ అరిచింది, గడియారాల ఆయన అరిచారు, కండక్టర్ గారు గొట్టాలు తెగిపోతాయేమో అన్నట్టు ముందుకు లేచారు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.