గీత మీద నడిచిన అవ్వ

ఆ రోజుల్లో మా ఇంట్లో బడీ వంటిల్లూ ఒకటే. మూడో తరగతిలో నాకు విషజ్వరం వచ్చి మంచాన పడి లేచాక, మళ్ళీ బడికి పంపడానికి అమ్మకు ధైర్యం చాలలేదు. ఆదోనిలో పత్తి మిల్లు గుమాస్తాగా ఉండే నాయనే సాయంత్రాలు, మీసాల్లో ఇంకా దూది పోగులతోనే, నాకు పాఠాలు చెప్పేవాడు. (చరిత్ర మధ్యలో ఆయన తుమ్మితే రాజులంతా ఎగిరిపోయేవారు.) చదువు చెప్పిన ఆయనకూ, ఆ జ్వరం నుంచి లేపిన స్వామికీ ఇవాళ్టికీ పొద్దున్నే దండం పెట్టుకుంటాను.

ఒక సాయంత్రం నాయన పాత కాగితాల అంగట్లో దొరికిన పటమొకటి తెచ్చి నేల మీద పరిచాడు. ఊరి అంచున ఉన్న కొండ పటం. దాని నిండా ఒకదాని లోపల ఒకటి వంకర టింకర గీతలు. "ఒక్కో గీత ఒక్కో ఎత్తు పాపా. ఒకే గీత మీద నడిస్తే ఎక్కేదుండదు, దిగేదుండదు," అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో కూడా చెప్పాడు కానీ, నేను అప్పటికే ముగ్గుపిండి డబ్బా కోసం లేచాను. మర్నాడు పొద్దున వాకిలంతా ఆ కొండనే వేసి, నడుమ శిఖరం దగ్గర పసుపు బొట్టు పెట్టాను. ఎమ్మిగనూరు నుంచి బస్సు దిగి వచ్చిన మా అవ్వ (అమ్మ వాళ్ళమ్మ) దాని ముందు ఆగిపోయింది.

"ఏం ముగ్గే ఇది? సుక్కల్లేవు. పిండి ఒలికిందా?"

"కొండవ్వా."

"కొండ ఇట్ల పండుకోనుంటే నేనెప్పుడో ఎక్కిందును గదే!"

నవ్వుతూనే అంది గానీ, ఆ మాట వెనక ఒక మొక్కుంది. జ్వరంలో నేను కళ్ళు తెరవని రోజున, పిల్ల లేస్తే కొండెక్కి ఆంజనేయస్వామికి తన చేత్తో టెంకాయ కొడతానని అవ్వ మొక్కుకుంది. నేను లేచాను. బతుకంతా గుంట మగ్గంలో కాళ్ళు దించి బట్ట నేసిన అవ్వ మోకాళ్ళు మాత్రం లేవనన్నాయి. మోసుకుపోతానని నాయన అంటే, "అల్లుని వీపెక్కి మొక్కు దీర్చుకుంటే సామే నవ్వుతాడు," అని ఒప్పుకోలేదు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. "అవ్వా, మెట్లెందుకు? గీత మీద పోదాం. ఎక్కే పనే ఉండదు."

"ఎక్కకుండానే కొండెక్కొచ్చునా?"

"పటంలో ఉందవ్వా."

"సదువుకున్న పిల్లవి. నడువు మరి."

మర్నాడే టెంకాయ సంచీలో వేసుకుని ఆటోలో బయల్దేరాం. కొండ కింద దిగగానే ఆటో భాయ్ కేకేశాడు: "మెట్లు ఈ పక్కుండాయి కదవ్వా, ఆడికి యాడికి పోతాండారు?"

"మాది వేరే దోవ భాయ్," అన్నాను గొప్పగా.

ఒక చేతిలో పటం, ఒక చేతిలో అవ్వ చెయ్యి. మేకలు తిరిగే దోవ పట్టుకుని, నేల కాస్త పైకి లేస్తే కిందికి, కిందికి వాలితే పైకి జరుపుతూ అవ్వను నడిపించాను. "మోకాలు ఒక్కసారన్నా మూలగలేదే!" అని అవ్వ మెచ్చుకుంది. కొంత దూరం పోయాక, "సామి యాడే?" అంది. వస్తాడవ్వా అన్నాను. ఎండ నెత్తికెక్కింది. చివరికో పెద్ద బండ చుట్టు తిరిగేసరికి ఎదురుగా కనబడింది, గుడి కాదు, ఆటో. భాయ్ కాళ్ళు బారజాపుకుని నిద్రపోతున్నాడు. మా అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి లేచాడు.

"అప్పుడే దర్శనమయ్యిందా అవ్వా?"

అవ్వ నన్ను చూసింది, సంచీలో టెంకాయను చూసింది. "అయ్యిందప్పా," అంది. "నీదే."

ఇంట్లో నాయన కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "గీత మీద నడిస్తే కొండ సుట్టూ తిరుగుతావు పాపా. ఎక్కల్లంటే గీతలు దాటల్ల. ఆ పొద్దు సెప్పింది అదే గదా!"

"ఊరుకో అల్లుడా. నా మనవరాలు నాకు గిరిప్రదక్షిణ సేయించింది," అంది అవ్వ. పోనీ ముగ్గు నడుమనే టెంకాయ కొట్టెయ్యమని అమ్మ అంటే, "కొండకు మొక్కితి గానీ పిండికి మొక్కితినా?" అని దాన్ని దేవుని గూట్లో పెట్టింది. "సలికాలం రానీ, మెల్లగా మెట్లే ఎక్కుదాం. నువ్వు ముందర, నేను ఎనకాల."

చలికాలం వచ్చింది. మిల్లుకు పత్తి వచ్చే కాలమది, నాయనకు తీరిక లేదు. ఆ తర్వాత అవ్వ మోకాలు వాచింది. ఎండలు తగ్గనీ అన్నాం, వాన వెలవనీ అన్నాం. అవ్వే వెళ్ళిపోయింది.

టెంకాయ గూట్లోనే ఎండి, కదిపితే లోపల గలగలమంటుండేది. దాన్ని పట్టుకుని నేనొక్కదాన్నే మెట్లెక్కాను. పూజారి చెవి దగ్గర ఊపి చూసి, "ఇన్నాళ్ళు యాడ పెట్టినావు తల్లీ?" అన్నాడు. మా అవ్వ మొక్కని చెప్పి కొట్టించాను. దిగుతున్నప్పుడు చూశాను, దోవ పొడవునా కూర్చోడానికి ఎన్ని బండలో! మెట్టుకోసారి కూర్చున్నా అవ్వ చేరి ఉండేది. రోజంతా ఉండింది మాకు. ఆ పొద్దు పటం చూసిన కళ్ళతో ఆ బండల్ని చూడలేదు.

ఇప్పుడు మా వాకిట్లో పిల్లలకు బొమ్మలు నేర్పిస్తాను. కొండ ముగ్గు వేయించినప్పుడల్లా ముందు గీతలు దాటడమే చెబుతాను, ఆ తర్వాతే గీయడం. నా మోకాళ్ళూ ఈమధ్య అవ్వ మోకాళ్ళవుతున్నాయి. అందుకని శనివారాలు పటం లేకుండానే ఆ మేకల దోవన ఒక చుట్టు తిరిగి, అల్లంత పైన గంట మోగితే ఆగి దండం పెట్టుకుని, బయల్దేరిన చోటికే వస్తాను. గడ్డం నెరిసిన అదే భాయ్ ఆటోలోంచి తల బయట పెడతాడు.

"దర్శనమయ్యిందా అమ్మా?"

"అయ్యింది భాయ్," అంటాను, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నీదే."