విజిటర్ల పార్కింగులో మా క్లాసిక్

ఆ రోజుల్లో దమ్మామ్‌లో ఇద్దరు మనవాళ్లు కలిస్తే "బాగున్నారా" కంటే ముందు "మీ కంపెనీ ఏ రంగులో ఉంది?" అని అడిగేవారు. సౌదీవాళ్లకు సరిపడా ఉద్యోగాలిచ్చిన కంపెనీ ఆకుపచ్చ, ఇవ్వనిది ఎరుపు. ఆ పద్ధతినే నితాఖత్ అనేవారు. నేను పనిచేసే గిడ్డంగుల కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడితే ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూ కాదు. దానికి తోడు కుటుంబంలో తలకింత చొప్పున సర్కారుకు కట్టే లెవీ మొదలైంది. సరే, ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని శాశ్వతంగా ఇంటికెళ్లిపోదామని నేనూ మా ఆవిడా నిశ్చయించుకున్నాం. అడ్డు ఒక్కటే. నా పేరున కారుంది. అది నా పేరు మీంచి పోనిదే ఎగ్జిట్ పడదు, ఇఖామా గడువేమో దగ్గరపడుతోంది. (కుర్రచేష్టలు కుర్రతనంలోనే చెయ్యాలని రూలేమీ లేదు. నేను వాటిని రిటైర్మెంటు దాకా భద్రంగా దాచుకున్నాను.)

కారు కొనడానికి మనిషి లేక కాదు. మా కింది వాటాలో ఉండే హైదరాబాద్ డ్రైవర్ భాయ్ ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. "సార్, కంపెనీ బండ్ల పిల్లల్ని ఎక్కించనియ్యరు. గిది నాకియ్యుండ్రి. శుక్రారం శుక్రారం సముద్రం కాడికి తీస్కపోత" అని. ఇచ్చేద్దామనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో ఒక ఈజిప్టు ఇంజనీరు టీ తాగుతూ, ముప్పై ఏళ్లు దాటిన కారును పాత కారనకూడదనీ, క్లాసిక్ అనాలనీ సెలవిచ్చాడు. మా తెల్ల జపాన్ కారుకు ముప్పై నిండాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కారు చుట్టూ ప్రదక్షిణం చేశాను. నిన్నటిదాకా నన్ను ఆఫీసుకు మోసినది కాస్తా ఒక్కసారిగా నా పోషణలో ఉన్న చరిత్రలా కనిపించింది.

"ఇది క్లాసిక్, భాయ్. ఇందులో పిల్లలు చిప్స్ తినకూడదు" అన్నాను.

"క్లాసిక్ అంటె ఏంది సార్? ఏసీ పనిచేస్తదా?"

"చేస్తుంది. కానీ అది ముఖ్యం కాదు."

"గీ ఎండల అదే ముఖ్యం గద సార్" అని నవ్వి వెళ్లిపోయాడు.

మా ఆవిడ ఇంత మర్యాద కూడా పాటించలేదు. "ఏవండీ, నేను మీ ఇంటికొచ్చి కూడా ముప్పై ఏళ్లు దాటింది. నేనూ క్లాసిక్కేనా? అయితే ఆ కారును తుడిచినట్టు ఒక్కరోజు ఈ గిన్నెలు తుడవండి. సామాను కట్టేసి కూర్చున్నాం, ముందు ఆ ఎగ్జిట్ సంగతి చూడండి" అంది. నేను వినలేదు. సముద్రపు ఒడ్డున పాత కార్లవాళ్లు ఒక శుక్రవారం కలుస్తున్నారని తెలిసింది. అక్కడైతే కారు విలువ తెలిసిన మనిషే తీసుకుంటాడు, ఎగ్జిట్ పనీ అయిపోతుంది అనుకున్నాను. టై కట్టుకున్నాను. శుక్రవారాల్లో మా ఇళ్లలో కలుసుకునే మనవాళ్లందరికీ కబురు పెడితే, ఫొటోలు తీయడానికి రెండు బండ్లలో మా వెనకే బయల్దేరారు.

వరసలో దర్జాగా కారు నిలిపాను. పక్కనున్న కారు రంగు వెలిసిపోయి, సీటు పగిలి ఉంది. పాపం, దీనికి దిక్కులేదు కాబోలనుకున్నాను. దాని యజమాని, ఒక సౌదీ పెద్దాయన, నా దగ్గరకొచ్చి మంచి ఇంగ్లీషులో, దీంట్లో మొదట్నుంచీ ఉన్నవేమిటని అడిగాడు. నేను కారును ఎంత బాగా చూసుకున్నానో తెలుసుకోవాలని అడుగుతున్నాడనుకున్నాను. ఇంజను మార్పించాను, తలుపులు నాలుగూ కొత్తవి, సీట్లు కొత్తవి, డ్యాష్‌బోర్డు కొత్తది, రంగు రెండుసార్లు వేయించాను, పాతదన్నది ఒక్కటీ మిగల్చలేదు అని వేలితో చూపిస్తూ చెప్పుకుపోయాను. ఒక్కోదానికీ ఆయన "మాషా అల్లా" అంటున్నాడు. ఒక్కోసారికీ గొంతు తగ్గుతోంది. "స్టీరింగు?" అన్నాడు చివరి ఆశతో. "పోయినేడే మార్చాను" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. వయసు ఒక్కటే చాలదు మిత్రమా, ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి కారు ఇంకా లోపల మిగిలి ఉండాలి, నువ్వు శ్రద్ధగా చూసుకున్నావు, కానీ ఇది కొత్త కారు అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అదే నన్ను చంపింది. ఆయన అటు తిరిగాడో లేదో, కాపలా మనిషి ఒకడొచ్చి "విజిటర్స్ అక్కడ" అని చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి చూపించిన చోటికి కారు తోలుకెళ్లాను. మా రెండు బండ్లూ నమ్మకంగా వెనకే వచ్చాయి. "అంకుల్, ఫొటో ఇక్కడ తియ్యమంటారా?" అని అడిగిన అమ్మాయి ముఖం చూడలేకపోయాను. (ఆనాటి డైరీలో "గాలి, ఇసుక" అని మాత్రమే ఉంది. ఆ రోజు గాలీ లేదు, ఇసుకా లేదు.)

మర్నాడే భాయ్ తలుపు కొట్టాను. గదిలో ఒక్కడే అన్నం వండుకుంటున్నాడు. కారు తీసుకోమన్నాను.

"ఇప్పుడెందుకు సార్? లెవీ కట్టలేక పిల్లల్నీ వాళ్ల అమ్మనీ పోయిన వారమే ఊరికి పంపిచ్చిన. ఇగ సముద్రం కాడికి ఎవర్ని తీస్కపోవాలె?"

ముందు రోజు అంతమంది ముందు పోయిన పరువు దీని ముందు ఏపాటిది? నేను కారుకు పేరు వెతుకుతున్న ఆ శుక్రవారాలు ఆ పిల్లలవి. అతనే నా ముఖం చూసి జాలిపడ్డాడు. "మీ ఇఖామా అయిపోతున్నది గద సార్. తష్లీహ్‌కు తోలేద్దాం, తుక్కు చేసేటోళ్లు కాయితం ఇస్తరు, మీ పేరు మీంచి కొట్టేస్తరు. నేనే నడుపుత" అన్నాడు. దగ్గర దారి ఉన్నా సముద్రం పక్క దారినే పోనిచ్చాడు. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు ఫోన్‌లో పిల్లలకు స్టీరింగు చూపించాడు. "కొన్నవా అబ్బా?" అని చిన్నగొంతు అరిచింది. "లేదు బేటా, సార్ది. ఒక్కసారి నడుపుతున్న" అన్నాడు. నేను కిటికీలోంచి నీళ్లను చూస్తూ కూర్చున్నాను.

తష్లీహ్ పఠాన్ బానెట్ ఎత్తి, "సబ్ నయా హై!" అని పొంగిపోయాడు. నా శ్రద్ధను మనసారా మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే, అదీ నట్లు విప్పుతూ. కాగితం చేతికొచ్చింది, ఎగ్జిట్ పడింది, గడువులోపే విమానమెక్కాం.

ఆనాటి నేను, ఆ టై కట్టుకున్న పెద్దమనిషి, ఇప్పుడు ఎదురైతే, వెనక తలుపు తీసి, ఆ పిల్లల్ని ఎక్కించుకుని ఒక్కసారి సముద్రం దాకా వెళ్లిరావయ్యా అని చెప్పాలనిపిస్తుంది. వినడు, నాకు తెలుసు. తలుపు మెల్లగా వేయండి, కొత్తది, అంటాడు.