అమ్మ అడిగిన పరలోకం

చావు జరిగిన ఇంట్లో మా నాన్న పరలోకం గురించి అందరిలా మాట్లాడేవాడు కాదు. పాస్టరు అయి ఉండి అలా చేయడం మా ఊళ్ళో చాలామందికి నచ్చేది కాదు.

మా ఊరు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గరగా ఉంటుంది. కొబ్బరి తోటలు, జీడి తోటలు, వాటి మధ్య ఇసుక దారులు. కిడ్నీ జబ్బు తొక్కని వీధి లేదు. అందుకని భూస్థాపన కూడికలకు మేం బాగా అలవాటుపడ్డాం. శవపెట్టె చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు నాన్నను బతిమాలేవారు. "అయ్యగారూ, ఆడు పరలోకానికి ఎల్లినాడని ఒక్క మాట సెప్పండి బాబూ" అనేవారు. నాన్న వాళ్ళ పక్కన చాప మీద కూర్చుని, "ఎల్లడమేటమ్మా? ఆడు మన్తో ఉన్నన్నాళ్ళూ పరలోకంలోనే ఉన్నాడు. మనవూ అందులోనే ఉన్నాం. ప్రభువు దాన్ని మన మద్దెకే తెచ్చినాడు. కళ్ళు తెరిసి సూడాల, అంతే" అనేవాడు.

ఒకావిడ, పెనిమిటిని పోగొట్టుకున్న మనిషి, ఆ మాట విని ముక్కు చీది లేచి నిలబడింది. "ఇదేనా అయ్యగారూ? ఈ ఇసక, ఈ మందులు, ఈ పెట్టె, ఇదేనా?" అంది. ఇంటికొచ్చాక నాన్న నాతో, "ఆవిడడిగింది తప్పు కాదమ్మా. దుఃఖంలో కనిపించదు" అన్నాడు. ఆయన నమ్మకం చెక్కుచెదరలేదు. నేను కూడా ఆయన పక్షమే.

ఈ ఆలోచన నాన్నకు చదువు వల్ల వచ్చింది కాదు. తిత్లీ తుఫాను తర్వాత వచ్చింది. అంతకు ముందు ఆయన కూడా బంగారు వీధులనీ, ముత్యాల గుమ్మాలనీ చెప్పినవాడే. తుఫాను తెల్లారేసరికి ఊరి చుట్టూ కొబ్బరి చెట్లు విరిగి, ఒకదాని మీద ఒకటి పడున్నాయి. ఇళ్ళ రేకులు ఎగిరిపోయాయి. మా పేటలో మా ప్రార్థన గుడికి మాత్రం శ్లాబు ఉంది, అది నిలబడింది. అంతవరకూ మా వీధిలో మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని గుడిలోకి వచ్చారు. సముద్రం ఒడ్డు నుంచి వేటకెళ్ళేవాళ్ళు వచ్చారు. ఎవరింట్లో మిగిలిన బియ్యం వాళ్ళు తెచ్చారు. అమ్మ గుడి వెనక మూడు రాళ్ళు పెట్టి, పెద్ద డేగిసాలో గంజి కాచింది. అందరూ ఒకే బంతిలో కూర్చుని తాగారు. నాన్న గుమ్మంలో నిలబడి వాళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాడు. "ఇదేనర్రా" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "ఇన్నాళ్ళూ నాను పైకి సూపించినాను. ఇదే."

కరెంటు వచ్చాక, రేకులు వేసుకున్నాక, ఎవరి వీధికి వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ మా ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగలేదు. అయినా నాన్న ఆ మాట వదల్లేదు. ఒకసారి కనిపించింది కాబట్టి ఎప్పుడూ ఉన్నట్టేనని ఆయన లెక్క. ప్రతి ఆదివారం ఏదో ఒక చిన్న సంగతి తెచ్చి చెప్పేవాడు. విడిపోయిన అన్నదమ్ములు పలకరించుకున్నారు, అదే పరలోకం. ఎవరో ముసలమ్మ మంచంలో ఉంటే పక్కింటి కోడలు ఒళ్ళు తుడిచింది, అదే పరలోకం. నేను టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. అక్కడ పిల్లలతో విసిగిపోయిన సాయంత్రాల్లో నాన్న మాటలు గుర్తు చేసుకునేదాన్ని. అవి నన్ను నిలబెట్టేవి.

అమ్మ కాళ్ళు వాయడం మొదలైనప్పుడు మేం ముగ్గురం ఆ జబ్బు పేరు ఎత్తలేదు. ఎండకు అనుకున్నాం, నడకకు అనుకున్నాం. అమ్మ పెళ్ళికి ముందు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని చేసేది. ఆ రోజుల్లో గంటల తరబడి కింద కూర్చున్నందుకేమో అని కూడా అనుకున్నాం. చివరికి పలాసలో రక్తం ఇచ్చి, మర్నాడు కాగితం తెచ్చుకుంటే అందులో క్రియాటినిన్ ఎక్కువ ఉంది. అమ్మ కాగితం వైపు చూడలేదు. మా ముఖాలు చూసింది.

"నాకూ వచ్చీసినాదా?" అంది.

"మందులున్నాయి" అన్నాడు నాన్న.

"అందరికీ ఉన్నాయి" అంది అమ్మ.

మందులతో కొంతకాలం నడిచింది. తర్వాత డయాలసిస్ తప్పదన్నారు. నేను టెక్కలి ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాను. వారానికి రెండుసార్లు ఆటోలో మెయిన్ రోడ్డు దాకా, అక్కణ్ణుంచి బస్సులో పలాస. ఆసుపత్రిలో ఒక పొడుగాటి గది, రెండు వైపులా మంచాలు, ప్రతి మంచం పక్కన ఒక మిషను. సూది గుచ్చేటప్పుడు అమ్మ తల పక్కకు తిప్పుకునేది. ఆ తర్వాత నాలుగు గంటలు ఆమె రక్తం ఆ గొట్టాల్లో తిరుగుతుంటే మేం చూస్తూ కూర్చునేవాళ్ళం.

సూది కన్నా ఎక్కువగా ఆమెను దాహం చంపింది. రోజంతటికీ చిన్న గ్లాసుడు నీళ్ళే తాగాలన్నారు. కొబ్బరి నీళ్ళు అసలు ముట్టకూడదన్నారు. కొబ్బరి తోటల మధ్య పుట్టి, అక్కడే పెరిగిన మనిషికి ఆ మాట చెప్పారు. కాయలు దింపే రోజుల్లో పక్క తోటలో బొండాలు కొడుతుంటే అమ్మ లోపలికొచ్చి తలుపేసుకునేది. ఒకసారి ఆ తోట కుర్రమ్మాయి తెలియక ఒక బొండాం చెక్కి తెచ్చి ఇచ్చింది. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వాసన చూసి, నాకిచ్చేసింది. నేను దాన్ని దొడ్లో పారబోశాను. తాగబుద్ధి కాలేదు.

ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ ఒక గుడి పూజారి గారి భార్య. పలాసలోనే ఇల్లు. మొదట్లో అమ్మతో మాట్లాడేది కాదు. రెండు మూడు వారాలు ఒకే గదిలో ఒకే బాధ పడ్డాక మాటలు కలిశాయి. ఇద్దరూ ఎప్పుడూ నీళ్ళ గురించే మాట్లాడుకునేవారు. ఏ ఊరి బావి నీళ్ళు తియ్యన, ఎండాకాలం కుండలో ఏం వేస్తే చల్లగా ఉంటాయి, ఇవే కబుర్లు. ఒకరోజు ఆవిడ ఫ్లాస్కులో ఐసు ముక్కలు తెచ్చుకుంది. ఒకటి నోట్లో వేసుకుని, ఇంకోటి స్పూనుతో తీసి అమ్మ వైపు చెయ్యి చాపింది. "తీసుకోండమ్మా. నోరు తడుస్తుంది, నీళ్ళు తాగినట్టూ కాదు" అంది. అమ్మ నోరు తెరిచింది. ఆవిడే వేసింది.

నాన్న ముఖం వెలిగిపోవడం చూశాను. తుఫాను తర్వాత గుమ్మంలో నిలబడినప్పటి ముఖమే. కుర్చీ ముందుకు లాక్కుని, "సూసినావా? ఇది కాదేటి పరలోకం? ఈ గదిలోకి కూడా వచ్చినాది" అన్నాడు అమ్మతో.

అమ్మ ఐసు ముక్క కరిగేదాకా చప్పరించింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"ఒక మాట సెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఇదే పరలోకమైతే నాకొద్దు."

"అలగంటావేటి?"

"మరేటనాల? ఆవిడ మంచిది, కాదన్ను. ఐసు ముక్క ఇచ్చినాది. కానీ ఒక ఐసు ముక్కే పరలోకమని మీరంటే, మరింక నాకు ముందర ఏటి మిగిలినట్టు? నాకు సచ్చిపోయినాక ఉండేదే కావాల. మాయమ్మ సెప్పినదే కావాల. అక్కడ నది ఉంటాదని సెప్పేది మాయమ్మ. నాకు కడుపు నిండా నీళ్ళు కావాలండి."

పూజారి గారి భార్య ముఖం అటు తిప్పుకుంది. ఆవిడ ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. నాన్న కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆ రోజు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని దిగేదాకా బయటికే చూశాడు.

కొన్ని వారాల తర్వాత ఆ పక్క మంచం మీద వేరే ఎవరో మగమనిషి ఉన్నాడు. అమ్మ నర్సును ఏమీ అడగలేదు. ఆ గదిలో ఎవరూ అడగరు.

ఆదివారాలు నాన్న ఇంకా గుడిలో నిలబడేవాడు గానీ, చిన్న సంగతులు తేవడం మానేశాడు. వాక్యం చదివి, రెండు మాటలు చెప్పి, ప్రార్థన చేసి ముగించేవాడు. అమ్మ చేతిలో సూదులు గుచ్చే నరం పాడైంది. మెడ దగ్గర గొట్టం వేశారు. అక్కడ చీము పట్టింది, జ్వరం వచ్చింది. మళ్ళీ పలాస వెళ్ళాల్సిన రోజున అమ్మ మంచం దిగలేదు. ఆటో వచ్చి వాకిట్లో హారను కొడుతోంది.

"పంపించీయండి. ఇంక సాలు" అంది.

నాన్న బతిమాలాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను. "నన్నొగ్గీయమ్మా" అంది నాతో, కసురుకోకుండా, ఎంతో దయగా. ఆటో వెళ్ళిపోయింది.

తర్వాత ఆమె ఎన్నాళ్ళో ఉండలేదు. వరండాలో గాలి తగులుతుందని మంచం అక్కడ వేశాం. ఒక మధ్యాహ్నం, ఊపిరి కష్టమవుతున్నప్పుడు, నాన్న చెయ్యి పట్టుకుని లాగింది.

"నది గురించి సెప్పండి."

నాన్న నా వైపు చూశాడు. ఆయన మంచం పట్టె మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"నదా... పెద్ద నది. మన నూతి నీళ్ళలాగ ఉప్పగుండవు. అద్దంలాగుంటాయి."

"సల్లగుంటాయా?"

"సల్లగుంటాయి. దోసిలితో తాగొచ్చు. ఎంత తాగినా ఎవలూ వొద్దనరు. కాళ్ళు వాయవు."

"మీరూ వత్తారా?"

"వత్తాను. నువ్వెల్లి తాగుతుండు, నానెనకాల వత్తాను."

ఆ గొంతు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తాను నమ్మినది చెప్పేటప్పుడు నాన్న తడుముకోడు. ఆ మధ్యాహ్నం ప్రతి మాటకూ తడుముకున్నాడు. అమ్మ అది గమనించిందో లేదో నాకు తెలియదు. కళ్ళు మూసుకుని వింటూ, పెదాలు మాత్రం తడుపుకుంటూ ఉంది. మర్నాడు పొద్దెక్కాక పోయింది.

సమాధుల తోటలో నాన్నే మాట్లాడాలి కదా, ఆయనే పాస్టరు. బైబిలు తెరిచి నిలబడ్డాడు. ఊరంతా ఎదురుచూస్తోంది. ఆమె ఇన్నాళ్ళూ పరలోకంలోనే ఉందని చెబితే, వద్దని ఆమె తేల్చి చెప్పినదాన్ని ఆమె శవానికి కట్టబెట్టినట్టు అవుతుంది. నది దగ్గరకు వెళ్ళిందని చెబుదామంటే, ఆయనకు ఆ నది కనబడటం లేదు. ఇదంతా నా ఊహే. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నాకు కనిపించిందల్లా ఆయన నోరు తెరవడం, మూయడం. కొంతసేపటికి బైబిలు మూసి, పెట్టె పక్కన ఇసకలో కూర్చుండిపోయాడు. సంఘ పెద్ద ఒకాయన ముందుకొచ్చి, పాట ఎత్తుకుని, తానే ప్రార్థన చేసి ముగించాడు.

అమ్మ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక అయ్యాక నాన్న గుడి తాళం ఆ పెద్దకు ఇచ్చేశాడు. "అయ్యగారూ, కొన్నాళ్ళు పోతే సర్దుకుంటాదండి" అన్నాడాయన. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు టెక్కలి నుంచి ఒక చిన్నవయసు పాస్టరు బండి మీద వస్తున్నాడు. చావు ఇళ్ళల్లో బంగారు వీధుల గురించి చక్కగా చెప్తాడు. జనానికి ఊరటగా ఉంది. వెనకటి పాస్టరు అంతా గందరగోళం చేశాడని కొందరంటారు. నేను విననట్టే ఉంటాను.

నేను గుడికి వెళ్తూనే ఉన్నాను. ఆడవాళ్ళు పలకరిస్తారు, పక్కన చోటిస్తారు. ఒకప్పుడైతే నాన్న దీన్నే చూపించి ఉండేవాడు. నేను చూడటానికి ప్రయత్నిస్తాను. పక్కావిడ చెయ్యి నా చేతి మీద ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. అది చెయ్యి. అంతకు మించి నాకేమీ తెలియడం లేదు. కొత్త పాస్టరు చెప్పే వీధులు కూడా నాకు అందవు. నాన్న వాటిని తుఫాను ఏడాదే నా దగ్గర్నుంచి తీసేశాడు. వాటి బదులు ఇచ్చినదాన్ని అమ్మ తీసుకుపోయింది.

ఈమధ్య నాన్నకు పరీక్ష చేయించాను. ఆయన కాగితం కూడా అమ్మ కాగితంలాగే వచ్చింది. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. మందులు వేసుకుంటున్నాడు, మాకున్న కాస్త జీడితోటకు వెళ్తున్నాడు. మొన్న నేను అన్నం పట్టుకుని జీడితోటకు వెళ్ళేసరికి చెట్ల కింద రాలిన పిక్కలు ఏరుతున్నాడు. ఈ ఏడు మంచు వల్ల పూత మాడిపోయింది, పెద్దగా రాలలేదు. చాలా రోజులుగా అడగాలనుకున్నది అక్కడ అడిగేశాను.

"నాన్నా, నువ్వు సెప్పిన పరలోకం ఇప్పుడెక్కడుంది?"

చేతికందిన పిక్క ఏరుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని లేచాడు.

"నిజంగా ఉన్నాదనే అనుకున్నానమ్మా. అబద్ధం సెప్పనేదు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నాకేటీ కనిపించట్నేదు."

ఆ తర్వాత ఇద్దరం చెట్టు కింద కూర్చున్నాం. ఆయన అన్నం సగం తిని, మిగిలింది మూత పెట్టేశాడు.