లింగమ్మ డేగిసా కేసు

గ్లాసుడు మంచినీళ్లిచ్చి ఇరుక్కున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, నన్ను చూడండి. మొన్న శనివారం ఇంటికొచ్చిన హెడ్ కానిస్టేబుల్‌కి మర్యాదగా నీళ్లిచ్చాను. అంతే! ఫిర్యాదు ఇచ్చినదాన్ని కాస్తా ముద్దాయినయ్యే దాకా వచ్చింది.

మొదట్నుంచీ చెప్తా. కర్నూల్లో ఒక లాయరు గారి దగ్గర టైపిస్టుని నేను. రోజూ బెయిలు పిటిషన్లు కొట్టీ కొట్టీ, "అరెస్టుకు తగిన ప్రాథమిక ఆధారాలు లేవు" అనే ముక్క కళ్లు మూసుకుని టైప్ చేస్తాను. దాంతో నాకు చట్టమంతా వచ్చేసిందని ఓ నమ్మకం. మా సారు కూడా అంత ధైర్యంగా మాట్లాడరు.

మా అత్త లింగమ్మకు ఒక రాగి డేగిసా ఉంది. దాంట్లో వండితే వీధంతా తినొచ్చు, అంత పెద్దది. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించి ఉంటుంది. ఎదురింటి ఖాజాభాయ్ పెళ్లిళ్లకు బిర్యానీ వండుతాడు, అవసరమైనప్పుడు దాన్ని అడిగి తీసుకెళ్తుంటాడు. ఆదివారం మా ఇంట్లో వ్రతం. వంటకు డేగిసా దించుదామని ముందు రోజే అటక ఎక్కితే, లేదు! మిద్దె మీదా లేదు! అత్తేమో ఆడబిడ్డతో ఒంటిమిట్టకు పోయింది, ఫోన్ చేస్తే ఎత్తదు. అది ఆమెకు పుట్టింటివాళ్లు పెట్టిన సామాను. పోయిందని తెలిస్తే ఈ జన్మకి నన్ను వదలదు.

ఖాజాభాయ్ ఇంటికి పరిగెత్తాను. వాకిట్లో అదే సైజు రాగి డేగిసా! పేరు ఉండాల్సిన చోట గీకేసిన గుర్తు!

"మీది ఎప్పుడో ఇచ్చేస్తి గదక్కా. ఇది పాత సామాన్ల అంగట్లో కొనుక్కొచ్చినా," అన్నాడు.

"మరి పేరెందుకు గీకినావు?"

"ఎవురిదో పేరు పెట్టుకోని నేనేం చేసుకునేది?"

న్యాయమైన మాటే. కానీ నా బుర్రలో ఆ రోజు పిటిషన్లు తప్ప ఇంకేం లేవు. నేరుగా స్టేషన్‌కి! అర్జీ నేనే టైప్ చేశాను. "ఒకరి పేరు గల పాత్ర మరొకరి ఇంట దొరికినచో, దొంగతనం జరిగినదని నమ్ముటకు అదియే చాలిన కారణము." ఆ వాక్యం చూసుకుని నాకే ముచ్చటేసింది.

హెడ్ కానిస్టేబుల్ చదివి తల గోక్కున్నాడు. "ఊరికే అరెస్టు చేసేకి కాదు మేడమ్. నమ్మేటట్టు కారణం ఉండాల."

"రాసినా గదా సార్! చాలకపోతే వారెంట్ తెచ్చుకోండి!"

వారెంటట! కరివేపాకు తెమ్మన్నంత సులువుగా చెప్పాను.

ఖాజాభాయ్‌ని మాట్లాడాలని స్టేషన్‌కి పిలిచారు. నేను ఇంటికొచ్చేసరికి ఆయన భార్య నూర్జహాన్ గుమ్మంలో నిలబడి ఉంది. "అక్కా, సాయంత్రం పెండ్లి వంట ఉండాది. పెండ్లోళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తాండారు. ఈ పొద్దు వంట తప్పితే ఆయన్ని మళ్లా ఎవురూ పిలవరు." ఆ మనిషి అబద్ధమాడే రకం కాదని నాకు తెలుసు. అయినా అర్జీ వెనక్కి తీసుకోలేదు. పొగరు, ఇంకేముంది!

కాసేపటికి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. గీకిన చోట అక్షరాల జాడ కొంచెం మిగిలిందట, మా ఇంట్లో పేరు కొట్టించిన వేరే సామాన్లతో పోల్చి చూస్తాడట. కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఆయన గటగటా తాగి, గ్లాసు అటూ ఇటూ తిప్పి, కూడబలుక్కుని చదివాడు.

"షేక్... నూర్జహాన్."

"అది... రంజాన్‌కి పాయసం పంపినారు సార్..."

ఆయన లేచి వంటింట్లోకి నడిచాడు. అలమర ముందు నిలబడి, బడిలో అటెండెన్స్ తీసుకున్నట్టు మొదలుపెట్టాడు. "ఓబులమ్మ. మహబూబ్‌బీ. సుబ్బరత్నమ్మ. కీర్తిశేషులు వెంకటసుబ్బయ్య..." ఆగి నా వైపు చూశాడు. "సచ్చినోళ్లని గూడా వదల్లేదా మేడమ్?"

"అది దినానికి పంచింది సార్!" ఏడుపొక్కటే తక్కువ. మిగతావన్నీ ఇరుగుపొరుగువే. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు, ఏదైనా వేసి ఇద్దాం, రేపిద్దాం అనుకుంటూనే మా ఇంట్లో సెటిలైపోయాయి.

ఆయన నా అర్జీ తీసి మడత విప్పాడు. "మీరు రాసిందాని ప్రకారం ఈ వీధికంతా దొంగ మీరే. పేరు మారిస్తే ఇదే సరిపోతాది. అబద్ధం కేసు పెడితే ఏమయితాదో మీకు తెలుసు గదా, రోజూ టైప్ చేస్తాంటారు." తెలుసు! సెక్షన్లతో సహా తెలుసు! నా ఫొటో పేపర్లో పడ్డట్టే, మా సారు నా బెయిలు పిటిషన్ నా చేతే టైప్ చేయిస్తున్నట్టే కళ్లకు కట్టింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. ఒంటిమిట్ట ప్రసాదంతో మా అత్త! విషయం విని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమ్మే, నీకేమన్నా పిచ్చా? డేగిసా నా మంచం కింద ఉండాది. శెనక్కాయలు పోసి, గోనెసంచి కప్పినా! ఖాజా దాంట్లో ఫిర్నీ గిన్నె పెట్టి తెచ్చిచ్చినాడు. నువ్వే గదా రెండుసార్లు పెట్టుకోని తింటివి!"

తిన్నాను. బాగుందని కూడా అన్నాను. దేంట్లో వచ్చిందని మాత్రం అడగలేదు.

అదే ఆటోలో స్టేషన్‌కి పరుగు. అర్జీ వెనక్కి తీసుకుని, బెంచీ మీదున్న ఖాజాభాయ్ ముందు చేతులు జోడించాను. "తిట్టేది తర్వాత తిడతాలే అక్కా. ముందు నన్ను పొయ్యికాడికి పోనీ," అన్నాడు. నేనూ వెంట వెళ్లి, బుట్టెడు ఉల్లిపాయలు తరిగిచ్చాను. నా కన్నీళ్లు ఉల్లిపాయల వల్లే అనుకున్నారు అక్కడివాళ్లు. పెళ్లివాళ్లు కూర్చునే వేళకి బిర్యానీ దిగింది. నా ఊపిరి కూడా అప్పుడే దిగింది.

మర్నాడు వ్రతం అయ్యాక ఆ గ్లాసు తోమి, రవ్వలడ్లు పెట్టి నూర్జహాన్‌కి ఇచ్చాను. ఆమె లడ్లు తీసుకుని గ్లాసు మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"మీ కాడనే ఉండనీలే అక్కా. కానీ ఈసారి పోలీసోళ్లు వస్తే, నీళ్లు దోసిట్లో పోయండి!"